ఆరు షీట్లలో ఒక బొమ్మ



పదకొండుమంది శాస్త్రవేత్తలు కలిసి ఒక రహస్యమైన పని మీద ఉన్నారు. కాగితాలన్నీ ఒక బీరువాలో పెట్టారు. వాళ్ళలో ఏ ఆరుగురు వచ్చినా బీరువా తెరుచుకోవాలి. అయిదుగురే వస్తే మాత్రం, ఆ అయిదుగురూ ఎవరైనా సరే, తెరుచుకోకూడదు. ఇందుకు బీరువాకి ఎన్ని తాళాలు వేయాలి? ఒక్కొక్కరి చేతికి ఎన్ని తాళంచెవులు ఇవ్వాలి? సి. ఎల్. లియు 1968లో అచ్చయిన తన గణిత గ్రంథంలో అడిగిన లెక్క ఇది. జవాబు 462 తాళాలు. ఒక్కొక్కరి గుత్తిలో 252 చెవులు.

ఎందుకన్ని అంటే, ఏ అయిదుగుర్ని తీసుకున్నా వాళ్ళను ఆపే తాళం ఒకటి ఉండి తీరాలి. ఆ తాళపు చెవి మిగతా ఆరుగురి దగ్గరా ఉండాలి. అప్పుడే ఆరో మనిషి ఎవరు వచ్చి చేరినా అది తెరుచుకుంటుంది. పదకొండుమందిలోంచి అయిదుగుర్ని ఎంచడానికి 462 దారులున్నాయి కాబట్టి తాళాలు కూడా అన్నే. పన్నెండో శాస్త్రవేత్త వచ్చి చేరితే మళ్ళీ మొదటికి రావాలి.

ఈ 462 తాళాల భారాన్ని ఆడీ షమీర్ 1979లో రెండే రెండు పేజీల వ్యాసంతో దించేశాడు. ఆయన చేసిందేమిటో గ్రాఫ్ కాగితం చూసినవాళ్ళందరికీ అర్థమవుతుంది. కాగితం మీద ఒక చుక్క ఉంటే దాని గుండా లెక్కలేనన్ని గీతలు గీయవచ్చు. రెండు చుక్కలుంటే వాటిని కలిపే సరళరేఖ ఒక్కటే. కాబట్టి రహస్య సంఖ్యను ఒక రేఖ నిలువు అక్షాన్ని తాకే చోట పెట్టి, ఆ రేఖ మీది చుక్కలను తలా ఒకటి పంచిపెడితే, ఏ ఇద్దరు కలిసినా రేఖ దొరుకుతుంది, రేఖతో పాటు రహస్యమూ దొరుకుతుంది. ఒక్కడి చేతిలో ఏమీ ఉండదు. ముగ్గురు కావాలంటే సరళరేఖకు బదులు పరావలయం. ఆరుగురు కావాలంటే ఇంకా పై ఘాతపు వక్రం. పన్నెండో మనిషి వస్తే అదే వక్రం మీద ఇంకొక చుక్క ఇస్తే సరి. అదే 1979లో అమెరికాలోని టెక్సస్‌లో జార్జ్ బ్లేక్లీ ఇంకో రేఖాగణిత మార్గంలో ఇదే చోటికి చేరుకున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ రహస్యాన్ని పంచే శాస్త్రానికి పునాది వేశారు.

ఇది అంకెల మాట. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచింది బొమ్మల గురించి. ఎక్స్‌రే, స్కాన్, వేలిముద్ర, ముఖం ఫొటో, ఆధార్ కార్డు, భూమి పత్రం, ఇవన్నీ ఇవాళ బొమ్మలుగానే తిరుగుతున్నాయి. బొమ్మ ఒకసారి చేయి దాటితే వెనక్కి తెచ్చుకునే దారి లేదు. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. వేలిముద్ర పోతే ఇంకో వేలిముద్ర పెట్టుకోలేం, ముఖం పోతే ఇంకో ముఖం పెట్టుకోలేం. అందుకే బొమ్మను దాచే విద్య మీద నాకు ఇంత ఆపేక్ష.

1994 మే నెలలో ఇటలీలోని పెరూజా నగరంలో గుప్తలేఖన శాస్త్రవేత్తల సభ జరిగింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ నుంచి మోనీ నయోర్, ఆయనతో కలిసి అదే షమీర్, ఒక కొత్త సంగతి చెప్పారు. బొమ్మను రెండు పారదర్శక షీట్లుగా విడదీయవచ్చు. ఏ షీటును విడిగా చూసినా ఇసుక చల్లినట్టు నలుపు తెలుపు చుక్కలే. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే బొమ్మ పైకి వస్తుంది. విప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. కళ్ళుంటే చాలు. దీనికి విజువల్ క్రిప్టోగ్రఫీ అని పేరు పెట్టారు. నిజానికి 1987లోనే ఓడెడ్ కఫ్రీ, ఎలియేజర్ కెరెన్ అనే ఇద్దరు ఒక కాంతిశాస్త్ర పత్రికలో దీనికి చాలా దగ్గరి పద్ధతి ప్రచురించారు. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు పరిశోధకులు మళ్ళీ ఎక్కువగా ఆ పాత దారికే వస్తున్నారు. నేను ముందుగా చెప్పబోయేది ఆ 1987 నాటి పద్ధతే. ఎందుకంటే దాన్ని మీరు ఇంట్లో కూర్చుని చేయగలరు. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 12, నిలువుగా 12 గడులు తీసుకోండి. మొత్తం 144. అందులో మందంగా ఒక అక్షరం నింపండి, మీ ఇష్టం వచ్చిన అక్షరం. అదే రహస్యం. ఇప్పుడు అదే కొలతతో రెండు పారదర్శక షీట్ల మీద గడులు గీయండి. ఇక ఒక్కో గడికీ ఒక్కోసారి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే మొదటి షీటులో ఆ గడికి నలుపు పూయండి. బొరుసు పడితే ఖాళీగా వదిలేయండి. రెండో షీటుకు మాత్రం అసలు కాగితం చూడాలి. అక్కడ ఆ గడి తెల్లగా ఉంటే, మొదటి షీటులో ఏం చేశారో రెండో దాంట్లోనూ అదే చేయండి. అసలు కాగితంలో ఆ గడి నల్లగా ఉంటే, మొదటి షీటులో చేసిన దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేయండి.

రెంటినీ ఒకదాని మీద ఒకటి పేర్చండి. అక్షరం ఉన్న చోట ఏదో ఒక షీటు నలుపు ఉండి తీరుతుంది కాబట్టి అక్కడ పూర్తిగా నలుపే. అక్షరం లేని చోట సగం గడులు నలుపు, సగం ఖాళీ, దూరంనుంచి చూస్తే బూడిదరంగు. బూడిదరంగు నేల మీద నల్లని అక్షరం కనిపిస్తుంది.

ఒక్క షీటు మాత్రమే దొంగ చేతికి చిక్కిందనుకోండి. అతని దగ్గర ప్రపంచంలో అన్నిటికన్నా వేగంగా పనిచేసే కంప్యూటర్ ఉందనుకోండి. ఏమైనా కనిపెట్టగలడా? ఏమీ కనిపెట్టలేడు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, రుజువున్న మాట. మొదటి షీటు కేవలం నాణెం చెప్పినట్టు నిండింది, దానికి అక్షరంతో సంబంధమే లేదు. రెండో షీటు కూడా విడిగా చూస్తే అంతే. నాణెం చెప్పిన దాన్ని అలాగే ఉంచినా, తిరగేసినా, అది మళ్ళీ నాణెం చెప్పినట్టే ఉంటుంది. దొంగ చేతిలోని షీటుకు తగిన జంటను ఎంచుకుంటే ‘అ’ వస్తుంది, ఇంకో జంటను ఎంచుకుంటే ‘క్ష’ వస్తుంది. అన్ని అక్షరాలూ సమానంగా సాధ్యమే అయినప్పుడు వెతకడానికి ఏముంది? దీన్నే క్లాడ్ షానన్ 1949లో పరిపూర్ణ గోప్యత అని గణితంగా నిర్వచించాడు. మనం రోజూ బ్యాంకు పనులకు వాడే సంకేత పద్ధతులు చాలావరకు, విప్పడానికి పట్టే కాలం మరీ ఎక్కువ కాబట్టి నిలుస్తున్నాయి. నాణెంతో చేసిన ఈ షీటు, ఎంత కాలం ఇచ్చినా నిలుస్తుంది.

ఒక్క జాగ్రత్త తప్పకూడదు. ఒకే మొదటి షీటును రెండు వేర్వేరు రహస్యాలకు వాడకూడదు. పని తగ్గుతుందని అలా వాడితే, ఆ రెండు రహస్యాల రెండో షీట్లనూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రెండు అక్షరాలూ ఎక్కడ వేరో అక్కడంతా నల్లగా తేలిపోతుంది. రెండు రహస్యాల ఆకారాలూ ఒకదానిలో ఒకటి కలిసి బయటపడతాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సోవియట్ గూఢచారి శాఖలు ఇలాంటి ఒకసారికే పనికొచ్చే సంకేత పుటలను రెండుసార్లు వాడాయి. వెనోనా అనే పేరుతో అమెరికన్లు వాళ్ళ సందేశాల్లో కొన్నిటిని చదవగలగడానికి ఆ ఒక్క లోపమే దారి ఇచ్చింది.

నయోర్, షమీర్ల పద్ధతి ఈ నాణెం ఆటకు కొంచెం భిన్నం. వాళ్ళు ప్రతి చుక్కనూ చిన్న చిన్న ఉపచుక్కలుగా విడగొట్టి, ప్రతి చుక్కలోనూ సగం నలుపు కచ్చితంగా ఉండేలా అమర్చారు. బొమ్మ సమంగా వస్తుంది, కానీ షీటు అసలు బొమ్మకన్నా రెండింతలో నాలుగింతలో పెద్దదవుతుంది. వాటాలు పెరిగేకొద్దీ ఈ ఉబ్బు ఇంకా పెరుగుతుంది. 1987 నాటి పద్ధతిలో ఉబ్బు లేదు. ఈ తరం పరిశోధకులు దానివైపు మళ్ళడానికి కారణం అదే.

నలుపు తెలుపు సరే, ఫొటోల మాటేమిటని అడగవచ్చు. పాత దినపత్రికలోని ఫొటోను భూతద్దంతో చూసినవాళ్ళకు జవాబు తెలుసు. అక్కడ బూడిదరంగు అంటూ లేదు, చిన్నా పెద్దా నల్లచుక్కలే ఉన్నాయి. ఏ ఫొటోనైనా ముందు అలా చుక్కల్లోకి మార్చి, తరువాత ఆ చుక్కలను పంచుతారు. రంగుల ఫొటో అయితే అచ్చుయంత్రం సిరాల్లాగా రంగులను విడదీసి ఒక్కో రంగుకూ ఇదే పని చేస్తారు.

ఇంతవరకూ చెప్పిన పద్ధతులన్నిటిలో ఒక కఠినత్వం ఉంది. ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే ఏమీ లేదు. ఆరుగురికి ఆరు షీట్లిచ్చి ఆరూ కలిస్తేనే కనపడాలని పెట్టారనుకోండి. అయిదు షీట్లు పేర్చినా ఇసుకే. ఆరో షీటు వరదలో కొట్టుకుపోయినా, ఆరో మనిషి దేశం దాటి వెళ్ళిపోయినా, ఆ బొమ్మ ఇక లేనట్టే. కాపాడటానికి పెట్టిన ఏర్పాటే బొమ్మను పోగొడుతుంది. పైగా మనం లోకంలో బొమ్మలను ఇలా చూపించుకోం. ఎవరికి ఎంత అవసరమో అంత చూపిస్తాం. ఆస్పత్రి రిసెప్షన్లో కూర్చున్న మనిషికి స్కాన్ ఎవరిదో తెలిస్తే చాలు. సాంకేతిక సిబ్బందికి అది ఏ అవయవానిదో, సరిగ్గా పడిందో లేదో తెలియాలి. మచ్చ ఎంత ఉందో చూడవలసింది వైద్యుడు. మాస్క్డ్ ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కప్పి చివరి నాలుగే చూపించడం కూడా ఈ అవసరంలోంచి పుట్టిందే.

2000 తర్వాతి దశకంలో కొందరు పరిశోధకులు ఈ ప్రశ్నే వేసుకున్నారు. వాటాలు పెరిగేకొద్దీ బొమ్మ అంచెలంచెలుగా తేటపడేలా పంచలేమా? 2005లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో దువో జిన్, వెయ్-చీ యాన్, మోహన్ కంకణహళ్ళి రంగుల బొమ్మలకు అటువంటి పద్ధతి చెప్పారు. తైవాన్‌లో వెన్-పిన్ ఫాంగ్, జా-చెన్ లిన్ 2006లో ఇంకొకటి. అక్కడినుంచి ఈ విద్య ఎక్కువగా తైవాన్ విశ్వవిద్యాలయాల్లోనే పెరిగింది. ప్రోగ్రెసివ్ విజువల్ సీక్రెట్ షేరింగ్ అని దీని పేరు. మనం అంచెల పంపకం అనుకుందాం.

వీటన్నిటిలో నాకు అందంగా తోచింది యంగ్-చాంగ్ హౌ, జెన్-యూ క్వాన్ 2011లో ప్రచురించిన పద్ధతి. షీటు ఉబ్బదు, లెక్క చాలా తేలిక. వాళ్ళు ఎన్ని వాటాలకైనా వర్తించేలా రాశారు. నేను ఆరు షీట్లకు చెబుతాను. ఆరు ఎందుకంటే పాచికకు ఆరు ముఖాలు కాబట్టి.

మళ్ళీ అదే 144 గడుల కాగితం. ఈసారి అక్షరం సరిగ్గా 48 గడుల్లో ఉండేలా నింపండి. మిగిలిన 96 గడులు తెలుపు. ఆరు పారదర్శక షీట్లకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేయండి. ఒక్కో గడికీ ఒకసారి పాచిక వేయాలి. ఆ గడి అక్షరంలోనిది అయితే, పాచిక మీద పడిన అంకె గల షీటులో మాత్రమే ఆ చోట నలుపు పూయండి. మూడు పడితే మూడో షీటులో నలుపు, మిగతా అయిదూ ఖాళీ. ఆ గడి అక్షరం బయటిది అయితే, ఆరు పడితేనే పని. ఆరు పడిందా, ఆరు షీట్లలోనూ అక్కడ నలుపు పూసేయండి. ఇంకే అంకె పడినా ఆరూ ఖాళీ.

ఇప్పుడు ఒక్క షీటు చేతిలోకి తీసుకుందాం. అక్షరపు గడుల్లో ఆరింట ఒక వంతు, అంటే సగటున 8, ఈ షీటులో నల్లబడ్డాయి. బయటి గడుల్లోనూ ఆరింట ఒక వంతే, అంటే 16. లోపలా బయటా చుక్కల సాంద్రత ఒక్కటే. కాబట్టి ఒక్క షీటులో అక్షరం ఆనవాలు లేదు. నాణెం ఆటలో లాగే ఇక్కడా పరిపూర్ణ గోప్యతే.

రెండో షీటు దాని మీద పెట్టండి. బయటి 16 చుక్కలూ అన్ని షీట్లలోనూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఎన్ని షీట్లు పేర్చినా అవి 16 గానే ఉంటాయి. అక్షరంలో మాత్రం ఈ షీటువి 8, ఆ షీటువి 8, వేర్వేరు చోట్ల, కలిపి 16. మూడు పేరిస్తే అక్షరంలో 24. నాలుగుకి 32, అయిదుకి 40. ఆరో షీటు కూడా పెడితే 48కి 48, అక్షరం మొత్తం నలుపు. బయట ఇంకా ఆ పదహారే. పరిశోధకులు కొలిచే పద్ధతిలో చెప్పాలంటే, రెండు షీట్లతో నలుపుకీ తెలుపుకీ మధ్య తేడా ఆరింట ఒక వంతు. ఆ పైన ఒక్కో షీటుకూ ఇంకో ఆరో వంతు పెరుగుతూ, ఆరు షీట్లకు ఆరింట అయిదు వంతులవుతుంది. నాణెం ఆటలో ఈ తేడా సగం దగ్గర ఆగిపోయింది.

ఇక ఒక షీటు పోయిందనుకోండి. బొమ్మ పోదు. 48లో 40 గడులు నల్లగా ఉన్న అక్షరాన్ని ఎవరైనా చదవగలరు. రెండు పోయినా చదవవచ్చు. ఏ షీటు పోయిందన్నది కూడా లెక్కలోకి రాదు, ఆరూ సమానమే. అంతకుముందు చెప్పిన కఠినమైన పంపకంలో ఒక షీటు పోతే పాతాళం, ఇక్కడ ఒక షీటు పోతే కొంచెం మసక.

మసక అన్నాను కాబట్టి, ఆ మసక ఎవరికి ఎంత అడ్డం అన్నది కూడా చూడాలి. మన కన్ను ఒక్కో చుక్కనూ విడిగా చూడదు, కాస్త చోటును కలిపి సగటున చూస్తుంది. అందువల్ల పెద్ద ఆకారాలు రెండు మూడు షీట్లకే లీలగా తోస్తాయి. సన్నని గీతలు, చిన్న అక్షరాలు అయిదారు షీట్లు వచ్చేదాకా తేలవు. ఒక స్కాన్ బొమ్మనే తీసుకుంటే, అది పుర్రె అనో ఛాతీ అనో రెండు మూడు షీట్లతో తెలిసిపోవచ్చు, మూలన సన్నగా రాసిన పేరు తెలియదు. దీన్ని పథకం ప్రకారం వాడుకుంటే గుణం, చూసుకోకపోతే ప్రమాదం. దాచవలసింది పెద్ద ఆకారమే అయితే, ఉదాహరణకు ఒక మనిషి ముఖం రూపురేఖలే రహస్యమైతే, ఈ అంచెలు చాలా త్వరగా విప్పేస్తాయి.

ఇంతకన్నా గట్టిగా చెప్పవలసిన విషయం ఇంకోటి ఉంది. తేడా ఆరో వంతు, సగం అని మనం వేసిన లెక్కలన్నీ షీట్లను పేర్చి కంటితో చూసినప్పటివి. షీట్లు పంచుకున్న ఇద్దరు వాటిని పేర్చకుండా పక్కపక్కన పెట్టి, గడి గడికీ పోల్చారనుకోండి. రెంటిలోనూ నలుపున్న గడి కనిపిస్తే, అది కచ్చితంగా అక్షరం బయటిదే. ఎందుకంటే అక్షరపు గడి ఒకే షీటులో నల్లబడుతుంది, రెంటిలో పడదు. ఒక దాంట్లో మాత్రమే నలుపుంటే, అది కచ్చితంగా అక్షరంలోనిది. అంటే రెండు షీట్లతోనే అక్షరపు గడులు 16, బయటి గడులు 16, సందేహం లేకుండా తేలిపోతాయి. అడ్డు వచ్చే ఆ బయటి చుక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మూడో మనిషి కూడా కలిస్తే 24 గడులు. షీట్లు కంప్యూటర్లో ఫైళ్ళుగా ఉన్న ఈ కాలంలో ఈ పోలిక క్షణంలో జరిగిపోయే పని. అందుకని ఈ పద్ధతిని ఎక్కడైనా పెట్టేవాళ్ళు, కంటికి రెండు షీట్లతో ఎంత మసకగా ఉందో చూసి నిశ్చింతగా ఉండకూడదు. రెండు షీట్లు ఒకచోటికి చేరితే బొమ్మలో మూడో వంతు పోయినట్టే లెక్కవేసుకోవాలి. ఇద్దరికి కూడా ఏమాత్రం తెలియకూడని రహస్యమైతే అంచెల పంపకం ఈ రూపంలో వాడకూడదు. దానికి షమీర్ పద్ధతి ఉంది. లేదా, నిర్ణీత సంఖ్యలో వాటాలు చేరేదాకా ఏమీ కనపడకుండా, ఆ గీత దాటాక మాత్రమే అంచెలు మొదలయ్యేలా తరువాతి పరిశోధకులు తయారుచేసిన పద్ధతులున్నాయి.

తేటదనాన్ని కాకుండా చోటును అంచెలుగా విప్పే ఆలోచన కూడా ఉంది. 2009లో రాన్-జాన్ వాంగ్ ప్రచురించిన పద్ధతిలో బొమ్మను ముందే ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో గోప్యతా స్థాయి నిర్ణయిస్తారు. రెండు షీట్లకు ఒక ప్రాంతం, మూడో షీటుకు ఇంకో ప్రాంతం బయటపడతాయి. ఒక పత్రంలో పేరు ఎవరైనా ఇద్దరికి, ఖాతా సంఖ్య ముగ్గురికి అన్నట్టు అమర్చుకోవచ్చు. నా ఉద్దేశంలో మన కార్యాలయాల పత్రాలకు ఇదే ఎక్కువ సరిపోతుంది. ఏది ముందు కనపడాలో ఇక్కడ మనిషి నిర్ణయిస్తాడు, చుక్కల సాంద్రత కాదు.

ఇసుక చల్లినట్టున్న షీట్లతో ఆచరణలో రెండు ఇబ్బందులొచ్చాయి. ఒకటి, ఆరు రహస్యాల ముప్పయ్యారు షీట్లు కలగలిసిపోతే ఏది దేనిదో పోల్చుకోలేం. రెండు, అలాంటి షీటును చూసిన ఎవరికైనా ఇందులో ఏదో దాచారని అనుమానం వస్తుంది. ఫాంగ్ 2008లో ఒక్కో షీటూ విడిగా ఒక మామూలు బొమ్మలా, చెట్టులానో పిట్టలానో కనపడుతూ, పేర్చినప్పుడు మాత్రం దాచిన బొమ్మను చూపే పద్ధతి తెచ్చాడు. షీటుకు ముఖం వచ్చింది. అందుకు మూల్యంగా దాచిన బొమ్మ తేటదనం కొంత తగ్గింది. ఈ విద్యలో ప్రతి సౌకర్యానికీ ఇలా చుక్కల్లోనే ధర చెల్లించాలి.

మోసం సంగతి కూడా చెప్పుకోవాలి. షీట్లు పంచుకున్న వాళ్ళలో కొందరు కుమ్మక్కై, దొంగ షీటు తయారుచేసి తెస్తే? పేర్చినప్పుడు అసలు బొమ్మకు బదులు వాళ్ళు కోరుకున్న బొమ్మ కనిపించేలా చేయవచ్చని 2006లో గ్వో-బోవా హోర్ంగ్, ఆయన సహచరులు చూపించారు. మోసపోయే మనిషి తన కళ్ళతో చూశాను కాబట్టి నిజమేనని నమ్ముతాడు. అందుకే షీటును దాచుకోవడంతో పాటు, ఎదుటివాడు తెచ్చిన షీటు అసలుదేనని సరిచూసుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

ఇదంతా ఎక్కడ పనికొచ్చిందని అడిగితే, నాకు ముందుగా గుర్తొచ్చేవి రెండు. డేవిడ్ చామ్ 2004లో ఎన్నికల రసీదుకు ఈ సూత్రాన్ని వాడి చూపించాడు. ఓటరు ఓటు వేశాక రెండు పొరలుగా అతుక్కున్న రసీదు వస్తుంది. పొరలు కలిసి ఉన్నప్పుడు ఓటు ఎవరికి పడిందో చదువుకోవచ్చు. విడదీసి, ఒక పొరను అక్కడే ముక్కలు చేసి, ఒక పొరను ఇంటికి తీసుకెళ్తాడు. ఆ పొరతో తన ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో సరిచూసుకోగలడు, కానీ ఎవరికి వేశాడో ఇంకొకరికి చూపించలేడు. ఓటును డబ్బుకు కొనేవాడికి రుజువు దొరకదు. రెండోది ముఖాలకు సంబంధించినది. అరుణ్ రాస్, ఆసిమ్ ఒత్‌మాన్ 2011లో ఒక మనిషి ముఖం ఫొటోను వేరే ఇద్దరి ముఖాల ఫొటోల్లోకి విడదీసి, ఆ రెంటినీ రెండు వేర్వేరు సర్వర్లలో దాచే పద్ధతి చెప్పారు. ఒక సర్వరును ఎవరైనా దోచుకుంటే వాళ్ళకు దొరికేది ఇంకెవరిదో ముఖం. ముఖాలూ వేలిముద్రలూ కోట్ల సంఖ్యలో ఒకేచోట పోగుపడుతున్న మన దేశంలో ఈ దారిని గట్టిగా పట్టించుకోవాలని నేను కోరుకుంటున్నాను. 2023లో వ్యక్తిగత డేటా సంరక్షణకు మనకు చట్టం వచ్చింది. చట్టం తప్పు జరిగాక శిక్ష వేయగలదు. పోయిన ముఖాన్ని తిరిగి ఇవ్వలేదు. ముందే విడదీసి దాచినదాన్ని, దాచిన చోట్లన్నిటినీ దోచుకుంటే తప్ప పోగొట్టుకోం.

బడి పిల్లలతో పాచిక ఆట చేయించాలనుకునే ఉపాధ్యాయులకు కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. పారదర్శకమైన ఓహెచ్‌పీ షీట్లు స్టేషనరీ దుకాణాల్లో దొరుకుతాయి. గడి అర సెంటీమీటరుకు తగ్గకుండా చూసుకోండి, చిన్నదైతే పేర్చడం పిల్లల వల్ల కాదు. ఆరు షీట్లకూ నాలుగు మూలల్లో ఒకేచోట కూడిక గుర్తులు వేయండి, వాటిని కలిపితే గడులు కలుస్తాయి. ప్రింటరుతో తీసేవాళ్ళు, కాగితానికి సరిపడేలా సైజు మార్చే సదుపాయాన్ని ఆపేయండి. ఒక షీటు సైజు మారితే గడులు సరిగ్గా కలవవు. పాచికలు ఎక్కువుంటే పిల్లలకు వరుసలు పంచండి. 144 సార్లు ఒక్కరే వేయనక్కర్లేదు. నింపిన అక్షరం కాగితాన్ని మాత్రం వేరే గదిలో దాచేయండి. ఆరు షీట్లూ ఆరుగురికిచ్చి, ముందు ఇద్దరిని పిలిచి పేర్చమనండి, తరువాత మూడో వాళ్ళను, నాలుగో వాళ్ళను. ఎన్నో షీటు దగ్గర ఎవరు అక్షరం పేరు చెప్పారో రాసుకోండి. ఆ తరువాత మొదటి రెండు షీట్లనూ మళ్ళీ ఇచ్చి, ఈసారి పేర్చకుండా పోల్చమనండి.